పాత చెకుముకి తుపాకి: రెండు సీజన్లు వాడాక

ఐదుకి మూడున్నర. మొదటి సీజన్ అయిపోగానే రాసుంటే ఒకటి ఇచ్చేదాన్ని, ఆ ఒకటి కూడా చెక్క నునుపుగా ఉన్నందుకు.

ఇది 50 క్యాలిబర్ (అంటే గొట్టం రంధ్రం అర అంగుళం) ఫ్లింట్‌లాక్. గొట్టం మూతి నుంచి మందు పోసి, గుండు కూరి, చెకుముకి రాయితో నిప్పు పుట్టించి పేల్చాలి. మన వైపు నాటు తుపాకి అంటారే, దానికి కాస్త చదువుకున్న అన్నయ్య అనుకోండి. గొట్టం పొడవు 28 అంగుళాలు. లోపలి గాడులు 48 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి. వాల్‌నట్ చెక్క, ఇత్తడి తొడుగులు. పెన్సిల్వేనియాలో హారిస్‌బర్గ్ అవతల ఉండే ఒక రిటైరైన పెద్దాయన దగ్గర 380 డాలర్లకు కొన్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. నా చేతికి వచ్చేసరికే అది ఇద్దరి చేతులు మారింది. కింద చెప్పబోయే లోపాల్లో ఏది ఫ్యాక్టరీది, ఏది వాళ్లది, ఏది నాది అని తేల్చడం నా వల్ల కాదు. ఈ ధరలో దొరికే సెకండ్ హ్యాండ్ ఫ్లింట్‌లాక్ కొనబోతున్న ఎవరికైనా ఇవే తగులుతాయి కాబట్టి రాస్తున్నాను.

మూతి నుంచే నింపినా చెకుముకి రాయి లేకుండా పేలే, స్కోప్ పెట్టుకునే కొత్తరకం ఇన్‌లైన్ మజిల్‌లోడర్లు ఉండగా ఇదెందుకని మా ఆఫీసులో ఇద్దరు వేటగాళ్లు అడిగారు. కారణం వేరే ఏమీ లేదు, సెలవు. ఇక్కడ పెన్సిల్వేనియాలో జింకల రైఫిల్ సీజన్ థ్యాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం మొదలవుతుంది. నేను పనిచేసేది ఫార్మసీలో, ఆ వారాంతం సెలవు అడిగితే మేనేజర్ మొహం చూడలేం. క్రిస్మస్ మర్నాటి నుంచి జనవరిలోకి సాగే ఇంకో జింకల సీజన్ ఉంది, అది ఫ్లింట్‌లాక్ వాళ్లది. 1974లో మొదలుపెట్టారు. చెకుముకి రాయితోనే నిప్పు పుట్టాలి, 44 క్యాలిబర్‌కి తగ్గకూడదు, స్కోప్ ఉండకూడదు. అప్పటికి అడవిలో జనం పలచబడిపోతారు. ఒక్కోరోజు గేమ్ ల్యాండ్ (వేటకి వదిలిన ప్రభుత్వ అడవి) పార్కింగ్‌లో నా కారు ఒక్కటే ఉంటుంది. పైగా అమెరికా పొడవాటి రైఫిల్ పుట్టిందే ఈ చుట్టుపక్కల, 1700ల్లో ల్యాంకాస్టర్ ప్రాంతానికి వచ్చిన జర్మన్ కమ్మరుల చేతుల్లో. ఈ ఊళ్ల మధ్య ఉంటూ ఇన్‌లైన్ కొనడమేంటి అని నన్ను నేను ఒప్పించుకున్నాను.

మొదటి సీజన్ సంగతి సిగ్గు పడుతూనే చెబుతాను. డిసెంబర్ మొదట్లో రేంజ్‌కి వెళ్లి, 50 గజాల దగ్గర పేపర్ ప్లేటు పెట్టి పది సార్లు కాల్చాను. నాలుగు తగిలాయి. మిగతా ఆరింట్లో రెండు ఎటు పోయాయో ఇప్పటికీ తెలీదు. అలాంటి చేత్తో అడవికి వెళ్లకూడదు, కానీ లైసెన్స్ కొన్నాను, సెలవు పెట్టాను, వెళ్లాను. మూడో రోజు సాయంత్రం 40 గజాల్లో ఒక ఆడ జింక ఆగి అటువైపు చూస్తోంది. ట్రిగ్గర్ నొక్కాను. మొహం ముందు భగ్గుమని మంట, ఆ తర్వాత ఎప్పటికో ధామ్మని మోత. పొగ విడిపోయేసరికి జింక లేదు. రెండు గంటలు మంచులో వెతికాను, రక్తం చుక్క కనబడలేదు. చివరికి జింక నిలబడ్డ చోటికి ఎడమవైపు హెమ్లాక్ చెట్టు బెరడులో గుండు దూరిన కన్నం కనబడింది. చెట్టుకి దణ్ణం పెట్టి ఇంటికొచ్చాను. గాయపడి తప్పించుకుని ఉంటే ఈ రివ్యూ రాసేదాన్ని కాదు, తుపాకి అమ్మేసేదాన్ని.

అమ్మిన పెద్దాయనకు ఫోన్ చేసి తుపాకిలో లోపం ఉందన్నాను, కాస్త గట్టిగానే. ఆయన ఏమీ అనుకోకుండా, వసంతం రాగానే రేంజ్‌కి వస్తానన్నారు. వచ్చారు కూడా. గేమ్ కమిషన్ (రాష్ట్ర వేట శాఖ) వాళ్ల రేంజ్, వేట లైసెన్స్ ఉంటే చాలు. నన్ను ఒక్క గుండు కూడా కాల్చనివ్వకుండా పావుగంట తుపాకిని అటూ ఇటూ తిప్పి చూశారు. గొట్టం మూతి దగ్గర గురి చూసుకోవడానికి ఉండే ముందు సైట్‌ని బొటనవేలితో నెట్టారు, కదిలింది.

అదీ మొదటి లోపం. ముందు సైట్ గాడిలో వదులు. ప్రతి దెబ్బకీ అది జరుగుతోంది, నేను దాన్ని నమ్మి గురి చూస్తున్నాను. గాడి అంచుని సన్నని పంచ్‌తో కాస్త నొక్కి, సైట్‌ని బిగుతుగా కొట్టి, దాని మీద, గొట్టం మీద కలిసొచ్చేలా సన్నని గీత గీశారు. ఆ గీత తప్పితే సైట్ కదిలిందని లెక్క. రెండో లోపం లాక్‌ని, అంటే రాయి, సుత్తి ఉండే యంత్రాన్ని, చెక్కకి పట్టి ఉంచే స్క్రూలు, అవీ వదులే. మూడోది ట్రిగ్గర్. మహా గట్టి. దాన్ని వెనక్కి లాగేలోపు సైట్ లక్ష్యం చుట్టూ ప్రదక్షిణం చేసొస్తుంది. ట్రిగ్గర్ నేను ముట్టుకోలేదు. తెలిసిన గన్‌స్మిత్ తప్ప ఎవరూ ముట్టుకోవద్దని ఆయన గట్టిగా చెప్పారు, అరిగిపోయిన సీర్, అంటే సుత్తిని ఆపి ఉంచే కొక్కెం, దానంతటదే జారితే ప్రాణం మీదకి వస్తుందట. నాలుగోది నాకు మాత్రమే లోపం: భుజానికి ఆనించే వెనక చెక్క పొడవు నా చేతికి ఎక్కువ. లావు జాకెట్ వేసుకుంటే మరీ ఎక్కువ. బుగ్గ ప్రతిసారీ ఒకే చోట ఆనట్లేదు. బుగ్గ జరిగితే కన్ను జరుగుతుంది, కన్ను జరిగితే గుండు జరుగుతుంది. ఒక వడ్రంగి చేత ముప్పావు అంగుళం కోయించాను. కోసే రోజు మాత్రం పక్కన నిలబడలేకపోయాను.

ట్రిగ్గర్ తప్ప మిగతావి సరిచేశాక ప్లేటు మీద పదికి ఏడు పడ్డాయి. మెరుగే, కానీ జింక మీద పేల్చేంత మెరుగు కాదు.

ఆయన అప్పుడు ఒక పరీక్ష పెట్టారు. తుపాకి ఆయనే నింపి నా చేతికిస్తారు. ఒకోసారి మందు, గుండు రెండూ ఉంటాయి, ఒకోసారి గొట్టం ఖాళీ, పక్కన ఉండే చిన్న పళ్లెంలో మాత్రమే చిటికెడు మందు. ఏదో నాకు తెలీదు. అన్నిసార్లూ నిండు తుపాకిగానే పట్టుకోవాలి, మూతి లక్ష్యం వైపే ఉండాలి. మూడోసారి ఖాళీది ఇచ్చారు. పళ్లెంలో మందు భగ్గుమంది, గొట్టం పేలలేదు. పేలని తుపాకి నా చేతిలో ఒక అడుగు కిందికి దిగి ఎడమకి వంగింది. కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నానట, ఆయన చెప్పారు. నాకు తెలియనే తెలీదు. హెమ్లాక్ చెట్టు ఎడమవైపు ఎందుకుందో అప్పుడు అర్థమైంది.

మామూలు రైఫిల్‌లో ట్రిగ్గర్‌కీ పేలుడుకీ మధ్య మనిషి జంకడానికి టైమ్ ఉండదు. ఇందులో ఉంటుంది. రాయి ఉక్కు రేకుని గీకాలి, నిప్పురవ్వలు పళ్లెంలో పడాలి, అక్కడ అంటుకున్న మంట పక్కనున్న సన్నని కన్నంలోంచి గొట్టంలోకి దూరాలి, అప్పుడు అసలు మందు అంటుకోవాలి. ఇంత జరుగుతున్నా గుండు ఇంకా గొట్టంలోనే ఉంటుంది. అప్పటిదాకా మనం కదలకుండా సైట్‌నే చూస్తూ ఉండాలి. పేలింది కదా అని తల ఎత్తితే అయిపోయింది.

ఆ జంకు పోగొట్టుకోవడానికి నెల పట్టింది, పైసా ఖర్చు కాలేదు. రాయి తీసేసి, అదే కొలతలో చెక్కిన చెక్కముక్కని, రాయిని పట్టుకునే సుత్తి దవడల మధ్య పెట్టాను. రవ్వలు రావు, ఉక్కు రేకు పాడవదు, కానీ సుత్తి పడటం, రేకు తెరుచుకోవడం అంతా మామూలే. గొట్టం ఖాళీగా ఉందని ర్యామ్‌రాడ్ (గుండు కూరే కడ్డీ) దింపి రెండుసార్లు చూసుకుని, బేస్‌మెంట్‌లో రోజూ ఇరవై సార్లు. మా ఆయన గొట్టం చివర ఒక పెన్నీ (ఒక సెంటు నాణెం) పెట్టేవాడు. సుత్తి పడ్డాక కూడా పెన్నీ కిందపడకూడదు. మొదటి వారం పెన్నీలు ఏరుకోవడమే సరిపోయింది. "ఇంత కష్టపడి జింక మాంసం తినాలా, కాస్ట్‌కోకి వెళ్దాం పద" అనేవాడు. నాలుగో వారానికి పెన్నీ కదలడం మానేసింది, మా ఆయన ఆ మాట అనడం మానేశాడు.

ఇక రాయి, పళ్లెం. రాయి తోలుముక్కలో చుట్టి దవడల మధ్య బిగించాలి, అంచు ఉక్కు రేకుకి అడ్డంగా పూర్తిగా తగలాలి. నాది ఒక మూలే తగులుతుండేది. రవ్వలు సగం పళ్లెం బయట పడేవి. అంచు మొద్దుబారితే చిన్న ఇత్తడి ముక్కతో తట్టి కొత్త అంచు తీయడం నేర్చుకున్నాను. కళ్లద్దాలు లేకుండా ఆ పని చేయకండి. రాయికి నూనె తగిలినా, రేకుకి జిడ్డు అంటినా రవ్వ పుట్టదు. నేను పని చేసే చోట ఆల్కహాల్ ప్యాడ్‌లకు కొదవ లేదు కాబట్టి ప్రతి గుండుకీ ముందు రేకు, రాయి అంచు తుడవడం అలవాటైంది. ఆ ఒక్క అలవాటుతో పేలకుండా పోవడం దాదాపు ఆగిపోయింది.

పళ్లెంలో వేసే సన్నని మందుని ఇంగ్లిష్‌లో ప్రైమింగ్ అంటారు. ఫోన్‌లో నాన్నకి ఇదంతా వివరిస్తుంటే, "దాన్ని రంజకం అంటారమ్మా, నీకు తెలీదా" అన్నారు. అప్పటినుంచి నాకూ అది రంజకమే. మొదట్లో ఎక్కువ వేస్తే బాగా అంటుకుంటుందని పళ్లెం నిండా పోసేదాన్ని. ఒకసారి వెంటనే పేలేది, ఒకసారి ఆగి పేలేది. ఇప్పుడు నొక్కితే మూడు గ్రెయిన్లు (గ్రెయిన్ పాత బరువు కొలత, కింద చెబుతాను) మాత్రమే రాల్చే చిన్న ఇత్తడి గొట్టం వాడుతున్నాను. ఎంత వేస్తే మంచిదని ఇద్దరిని అడిగితే మూడు జవాబులు వస్తాయి. నాకు తేలింది మాత్రం ఇది: ప్రతిసారీ ఒకే కొలత అయినప్పుడు పేలడంలో ఆలస్యం కూడా ఒకేలా ఉంది, ఒకేలా ఉన్నదానికి చెయ్యి అలవాటు పడింది. కన్నంలో మసి పేరుకోకుండా ప్రతి రెండు గుళ్లకీ సన్నని తీగతో పొడుస్తాను.

మందు విషయానికి వస్తే, ఫ్లింట్‌లాక్‌కి అసలైన బ్లాక్ పౌడర్, అంటే పాతకాలపు నల్లటి తుపాకి మందే కావాలి. దానికి బదులుగా అమ్మే పొడులు అంటుకోవడానికి ఎక్కువ వేడి కావాలి, పళ్లెంలోని చిన్న మంటకి అవి సరిగ్గా లొంగవు. ఇన్‌లైన్ వాళ్లకి ఆ బాధ లేదు. బ్లాక్ పౌడర్ షాపుల్లో దొరకడం కష్టం, తెప్పించుకుంటే ప్రమాదకర సరుకని వేసే హజ్‌మత్ ఫీజు కడుపు మండిస్తుంది, అందుకే ముగ్గురం కలిసి తెప్పించుకుంటాం.

ఫార్మసిస్ట్‌కి గ్రెయిన్ అనే కొలత కొత్తది కాదు. 325 మిల్లీగ్రాముల ఆస్ప్రిన్ అంటే పాత లెక్కలో 5 గ్రెయిన్లే. అందుకే మందుని తూచి పోస్తారనుకున్నాను. కాదు, దీన్ని పరిమాణంతో కొలుస్తారు, మానికతో బియ్యం కొలిచినట్టు. ఇత్తడి కొలతగొట్టం 70 దగ్గర పెట్టి, పది సార్లు పోసి, ప్రతిసారీ త్రాసులో వేసి చూశాను, వృత్తి రోగం. 66 నుంచి 73 దాకా వచ్చింది. చేతివాటం అంత తేడా తెస్తోంది. పొంగేదాకా పోసి, పక్కన ఐదు సార్లు తట్టి, పైన గీసి చదును చేస్తే తేడా ఒకటిన్నర గ్రెయిన్లకి దిగింది. ఇంకో మాట, మందు డబ్బా నుంచి గానీ కొమ్ము నుంచి గానీ నేరుగా గొట్టంలో పోయొద్దు. లోపల నిప్పు కణిక మిగిలి ఉంటే చేతిలో డబ్బా మొత్తం పేలుతుంది. కొలతగొట్టంలో పోసి, డబ్బా మూత పెట్టి, అప్పుడే గొట్టంలోకి.

60, 65, 70, 75, 80 గ్రెయిన్లతో ఐదేసి గుళ్లు కాల్చి చూశాను. 80 దగ్గర భుజం నొప్పి, గుళ్లు చెల్లాచెదురు. 70 దగ్గర గుళ్లు పడ్డ కన్నాల గుంపు చిన్నదైంది. ఇంకొకరి తుపాకికి 65 కావచ్చు, 85 కావచ్చు. ఈ అంకె మీ తుపాకే చెప్పాలి.

గుండు 0.490 అంగుళాల మెత్తని సీసం, దాదాపు 177 గ్రెయిన్లు. అది గొట్టం కంటే చిన్నది. చుట్టూ గుడ్డముక్క పెట్టి దింపుతాం, గాడుల్ని పట్టుకునేది ఆ గుడ్డే, గుండు కాదు. ఈ సంగతి తెలియక మొదటి సీజన్‌లో తుపాకితో పాటు వచ్చిన పల్చని ముక్కలు వాడాను. పేలాక ఆ గుడ్డముక్కలు పది పదిహేను అడుగుల ముందు పడతాయి. నేను వాటివైపు చూసేదాన్ని కాదు. పెద్దాయన వంగి ఏరి, ఒక్కొక్కటీ విప్పి బెంచీ మీద పరిచారు. అన్నిటికీ నడిమధ్యలో కాలిన కన్నం. మంట గుడ్డని తినేసి గుండుని ముట్టుకుంటోంది, గుండు గాడుల్ని వదిలేస్తోంది. అంచుల్లో కత్తిరించినట్టు చీలికలుంటే గొట్టం మూతి గానీ గాడులు గానీ పదునుగా ఉన్నట్టట. నా ముక్కల్లో రెండిటికి అవీ ఉన్నాయి. పరుపుగుడ్డ లాంటి గట్టి కాటన్, 0.018 అంగుళాల మందం, గంజి పోయేదాకా ఉతికి, ఆరేసి, తేనెమైనం, ఆలివ్ నూనె కలిపి కాచిన జిడ్డు పట్టించాను. కొందరు ఉమ్మి రాస్తారు, రేంజ్‌లో అది బాగానే పనిచేస్తుంది. వేటలో రోజంతా నింపి తిరిగే తుపాకిలో తడి ఎందుకని నేను జిడ్డే వాడతాను. మూతి దగ్గర పదునుని గన్‌స్మిత్ పాలిష్ చేసిచ్చారు, 40 డాలర్లు. ఆ తర్వాత ఏరిన గుడ్డముక్కలు మధ్యలో మసి మరకతో, అంచుల్లో కాస్త పీచు లేచి, మళ్లీ వాడొచ్చన్నంత శుభ్రంగా ఉన్నాయి. 50 గజాల్లో ఐదు గుళ్లు మూడు అంగుళాల్లో పడ్డాయి. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించాను. మా అమ్మాయి దాని పక్కన తన స్పెల్లింగ్ టెస్టు అంటించింది, నూటికి తొంభై ఆరు. పోటీ.

గుండు దింపడంలో ఒక్క విషయం, అది గురికీ, ప్రాణానికీ రెండిటికీ సంబంధించింది. గుండు మందు మీద ఆని కూర్చోవాలి. మధ్యలో ఖాళీ ఉంటే గొట్టం ఉబ్బొచ్చు, పగలొచ్చు. 70 గ్రెయిన్లతో గుండు సరిగ్గా కూర్చున్నప్పుడు ర్యామ్‌రాడ్ మీద మూతి దగ్గర గీత పెట్టుకున్నాను. గీత పైన తేలితే గుండు ఇంకా దిగలేదు. ఖాళీ గొట్టానికి ఇంకో గీత. ప్రతిసారీ ఒకే ఒత్తిడితో నొక్కుతాను, దబదబా కొట్టను. గుళ్ల మధ్యలో ఒకసారి కాస్త తడి గుడ్డ, ఒకసారి పొడి గుడ్డ. గుడ్డ మరీ తడిగా ఉంటే మసి బురదలా అడుగుకి చేరి, తర్వాతి మందుని తడిపేస్తుంది. ఒకసారి చేశాను. బుస్సుమని శబ్దం తప్ప ఇంకేమీ లేదు. మూతి లక్ష్యం వైపే పెట్టి నిమిషం ఆగాను, చాలా పొడుగు నిమిషం.

ఇంతవరకూ ఎవరైనా చెప్పేదే. ఈ తుపాకి నాకు నేర్పిన అసలు విషయం జూలైలో బయటపడింది.

గుంపు చిన్నదవుతున్నా, ఐదు గుళ్లలో మొదటిది ఎప్పుడూ మిగతా నాలుగిటికి దూరంగా పడేది. "మొదటిది వదిలేయండి, గొట్టం మసి పట్టాక లెక్కపెట్టండి" అని చాలామంది అంటారు. రేంజ్‌లో పోటీకి అయితే సరే. నాకు జింక ఇచ్చేది ఒక్క గుండుకే టైమ్. ఆ గుండు ఇంట్లో శుభ్రం చేసిన, చల్లటి గొట్టంలోంచి వెళ్తుంది. నేను వదిలేస్తున్న మొదటిదే కదా నా వేట మొత్తం?

అందుకని ఒక కాగితం విడిగా పెట్టుకున్నాను. శనివారం ఉదయం రేంజ్‌కి వెళ్లడం, శుభ్రమైన చల్లని గొట్టంతో ఆ కాగితం మీద ఒకే ఒక్క గుండు కాల్చడం, పక్కన తేదీ రాయడం, కాగితం మడిచి బ్యాగులో పెట్టేయడం. ఆ తర్వాతే మిగతా ప్రాక్టీసు. ఆరు శనివారాలకి ఆరు కన్నాలు. వాటిలో ఐదు నా మామూలు గుంపుకి ఎడమవైపు, కాస్త పైన, రెండు అంగుళాల దూరంలో పడ్డాయి. ఆ ఐదూ ఒకదానికొకటి రెండున్నర అంగుళాల్లోనే ఉన్నాయి. ఆరోది మాత్రం ఇంకో ఐదు అంగుళాలు పక్కకి. ఆ రోజు తేదీ పక్కన నా రాతలోనే ఉంది: "నూనె తుడవలేదు". తుప్పు పట్టకుండా గొట్టంలో రాసిన నూనెని ఆల్కహాల్ గుడ్డతో తీసేయకుండా నింపేశానన్నమాట. మిగతా ఐదు రోజులూ తీశాను.

వెనక సైట్‌ని కుడికి జరిపి, ఒక గీత కిందికి దింపాను. గుండు ఎటు పోవాలో వెనక సైట్ అటు జరగాలి, ముందు సైట్ అయితే దానికి ఎదురు వైపు. ఇప్పుడు నా మొదటి గుండు మధ్యలో పడుతుంది, తర్వాతివి కుడికి పోతాయి. రేంజ్‌లో చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనీ. 75 గజాల దగ్గర ఇది రెండు అంగుళాలు కిందికి దిగుతుంది, 100 దగ్గర బాగా దిగుతుంది. గుండ్రటి గుండు గాలికి తొందరగా వేగం పోగొట్టుకుంటుంది. నేను 60 గజాలు దాటి పేల్చనని గీత గీసుకున్నాను. జింక గుండె, ఊపిరితిత్తులుండే చోటు ఎనిమిది అంగుళాల ప్లేటంత ఉంటుంది. బెంచీ మీద మూడు అంగుళాలు కొట్టిన చెయ్యి చలిలో, లావు జాకెట్‌లో, గుండె దడదడలాడుతుంటే ఐదో ఆరో కొడుతుంది. ఆగస్టు నుంచి బెంచీ మానేసి, కూర్చుని, రెండు కర్రలు ఇంటూ గుర్తులా కట్టి వాటి మీద ఆనించి కాల్చాను. కర్ర మీద ఆనాల్సింది చెక్క, గొట్టం కాదు.

రెండో సీజన్, జనవరి మొదటి వారం. రాత్రి తుపాకిని ఇంట్లోకి తీసుకురాకుండా తాళం వేసిన షెడ్‌లో ఉంచాను. వెచ్చని ఇంట్లోకి తెస్తే చల్లని ఇనుముకి చెమట పడుతుంది, మందు తడుస్తుంది. తెల్లారి సన్నగా మంచు పడుతోంది. లాక్ మీద మైనం పట్టించిన తోలు కప్పు కట్టాను, దీన్ని ఇక్కడ కౌస్ నీ అంటారు, ఆవు మోకాలు. పేరు ఎవరు పెట్టారో గానీ ఈ పాతిక డాలర్ల తోలుముక్క తుపాకి కంటే నమ్మకమైనది. అయినా గంటకోసారి రంజకం ఊదేసి, పళ్లెం తుడిచి కొత్తది వేశాను. గాలిలో తేమ తాగిన మందు బూడిద రంగు జావలా తయారవుతుంది.

తొమ్మిదింపావుకి రెండు ఆడ జింకలు లోయలోంచి ఎక్కి వచ్చాయి. ముందుది 45 గజాల దగ్గర పక్కకి తిరిగి మంచు గీకుతోంది. కర్రలు సర్దుకున్నాను. సుత్తి వెనక్కి లాగిన క్లిక్‌కి తల ఎత్తింది. ఆగాను. మళ్లీ తల దించింది. ట్రిగ్గర్ ఇంకా గట్టిదే, లాగుతూ లాగుతూ ఉన్నాను. మంట వచ్చింది, కళ్లు తెరిచే ఉన్నాయి, పొగ కమ్మేసేదాకా సైట్ దాని భుజం వెనకే ఉంది.

పొగలో ఏమీ కనబడలేదు. ముందు మళ్లీ నింపుకున్నాను, వణుకుతున్న చేత్తో కొలతగొట్టాన్ని ఐదు సార్లు తట్టి మరీ. అరగంట కూర్చుని లేచాను. నిలబడ్డ చోటి నుంచి 30 గజాల్లో లారెల్ పొదల్లో పడి ఉంది. పెద్దాయనకి ఫోన్ చేస్తే మొదట అడిగింది గుడ్డముక్క ఎలా ఉందని. వెనక్కి వెళ్లి మంచులో ఏరుకొచ్చి చెప్పాను, బాగుందని.

శుభ్రం చేయడం గురించి రెండు ముక్కలు. కాల్చిన రోజే కడగాలి, మర్నాటికి తుప్పు. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, తర్వాత బాగా ఆరబెట్టి నూనె. ఇల్లంతా కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది, అది మందులోని గంధకం. మొదటిసారి బాత్‌టబ్‌లో కడిగాను, రెండోసారి నుంచి గ్యారేజీలో కడుగుతున్నాను, ఎందుకో చెప్పక్కర్లేదు. సీసం ముట్టుకున్న చేతులు పిల్లల్ని ముట్టుకునే ముందు సబ్బుతో కడగండి, ఇది ఫార్మసిస్ట్‌గా చెబుతున్నాను.

కొనేవాళ్లు సెకండ్ హ్యాండ్ ఫ్లింట్‌లాక్ చేతికి తీసుకోగానే ముందు సైట్‌ని బొటనవేలితో నెట్టి చూడండి. తుపాకి నిండి ఉందో లేదో ర్యామ్‌రాడ్ దింపి మీరే చూసుకోండి, అమ్మేవాళ్ల మాట మీద వదలొద్దు. ఉక్కు రేకు మీద రాయి దెబ్బకి పళ్లెంలోకి రవ్వలు గుత్తిగా పడుతున్నాయా, ఒకటీ అరా పడుతున్నాయా చూడండి. మూతి దగ్గర వేలు పెట్టి తిప్పితే గోరు ఎక్కడా చిక్కుకోకూడదు. ఇవి బాగుంటే 400 డాలర్ల లోపు మంచి బేరం. మందు, గుళ్లు, గుడ్డ, రాళ్లు, కొలతగొట్టం కలిపి నాకు మొదటి ఏడాది ఇంకో 200 అయింది. ఒక వారాంతంలో గురి కుదరాలనుకునేవాళ్లు ఇన్‌లైన్ కొనుక్కుని అక్టోబర్ సీజన్‌కి వెళ్లడమే మంచిది.

తగ్గించిన ఒకటిన్నరలో ఒకటి ట్రిగ్గర్‌కి. గన్‌స్మిత్ 120 డాలర్లు అడిగారు, ఈ వేసవిలో ఇస్తాను. మిగతా అర లాక్ స్క్రూలకి. ఎంత బిగించినా ఇరవై గుళ్లకి మళ్లీ వదులవుతున్నాయి. స్క్రూడ్రైవర్ ఇప్పుడు మందు సంచిలోనే ఉంటోంది.